అందరి కబురూ నా ఫోన్‌కే

బ్రౌజర్‌లో కూర్చుని కోడ్ రాయడమంటే నాకు ఇంకొకరి వంటింట్లో వంట చేసినట్టుంటుంది. పోపుడబ్బా ఎక్కడుందో వెతుక్కోవాలి, మంట ఎంత పెట్టాలో వాళ్లు చెప్పాలి, మూత మనం పెట్టకముందే వాళ్లొచ్చి పెట్టేస్తారు. ఈ మాట మా కంపెనీలో చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా పోట్లాటే అయింది.

కంపెనీ హైదరాబాదులో ఉంది. నేను వికారాబాదులో మా ఇంటి ముందుగదిలో కూర్చుని పనిచేస్తాను. చిన్న వ్యాపారాలవాళ్లు తమ మనుషులందరికీ ఒకేసారి మెసేజ్ పంపుకునే ఏర్పాట్లు చేసిపెట్టడం మా పని. ఆ ఏర్పాట్లన్నీ ఒక వెబ్‌సైటులోనే తయారవుతాయి, అక్కడే నడుస్తాయి. అందరూ బ్రౌజర్ తెరిచి, లాగిన్ అయ్యి, అక్కడున్న తెల్లటి డబ్బాలో కోడ్ రాస్తారు. నేను మాత్రం నా ల్యాప్‌టాప్‌లో నా ఎడిటర్ తెరుస్తాను. ఏళ్ల తరబడి నా వేళ్లకు అలవాటైన ఎడిటర్ అది. దాన్నీ ఆ వెబ్‌సైటునూ కలిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. నేను ఇక్కడ సేవ్ కొడితే రాసింది అక్కడికి వెళ్లిపోతుంది.

మా టీమ్ లీడ్‌కు ఇది నచ్చదు. నాకంటే చాలా చిన్నది, పెళ్లి కూడా కాలేదు, కానీ పెత్తనంలో మా అత్తగారిని గుర్తుచేస్తుంది.

"మేడమ్, అందరం బ్రౌజర్లనే రాస్తున్నం. మీకొక్కరికే ఏమైంది?"

"నువ్వు నీ వేళ్లతోటి టైప్ చేస్తవా, పక్కింటోళ్ల వేళ్లతోటా?"

"గట్ల గాదు మేడమ్. బ్రౌజర్ల అయితే పబ్లిష్ కొట్టేదాక ఏదీ జనాలకు వోదు. మీ ఎడిటర్‌కెళ్లి అయితే సేవ్ కొట్టంగనే సీదా లైవ్‌కే వోతది. నాకు భయమైతది."

"భయపడేటోళ్లు భయపడుండ్రి. నాకు సేవ్ కొట్టుడు రాదా?"

నిజానికి నాకు సేవ్ కొట్టడం వచ్చినంత బాగా ఇంకేదీ రాదు. డిగ్రీ అయిన కొత్తలో ఇక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పాను. కరెంటు చెప్పి పోయేది కాదు. ఒక్కో వాక్యానికీ సేవ్ కొట్టని పిల్లలు సాయంత్రానికి ఏడ్చేవాళ్లు. ఆ భయం నా వేళ్లలో ఉండిపోయింది. ఒక వరుస రాస్తాను, సేవ్. ఒక కామా పెడతాను, సేవ్. నేను కొట్టిన ప్రతి సేవ్‌తోనూ జనాల ఫోన్లకు కబుర్లు పంపే అసలు ఏర్పాటే మారిపోతుందని తెలిసే చేసేదాన్ని. ఏం కొంప మునిగింది అనుకునేదాన్ని.

ఆ ఫోన్లలో ఒకటి మా ఆడబిడ్డది. మా ఆయన చెల్లెలు. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. చదవడం, రాయడం బ్రహ్మాండంగా వచ్చు. తాండూరు పక్కన బండలకు పాలిష్ పట్టే ఒక యూనిట్‌లో మిషన్ మీద పనిచేస్తుంది. ఆమె భర్త బండల లారీ మీద డ్రైవరు, వారంలో సగం రోజులు దారి మీదే ఉంటాడు. యూనిట్‌కూ ఆమె ఇంటికీ మధ్య ఒక క్వారీ ఉంది. రోడ్డు మీద పోతే చుట్టు తిరగాలి కాబట్టి మధ్యాహ్నం అన్నానికి వెళ్లేవాళ్లంతా క్వారీ అంచునున్న బండిబాటలో పోతారు. క్వారీలో గట్టి పొర అడ్డం వచ్చినప్పుడు మందు పెట్టి పేలుస్తారు. పేల్చేముందు సైరన్ మోగుతుంది. అందరూ ఆగుతారు. ఆమెకు వినపడదు కదా! బాట మొదట్లో ఎర్రజెండా పట్టుకుని ఒక ముసలి మనిషి నిలబడతాడు, అతన్ని చూసి ఆగాలి.

ఒకసారి అతను అటు తిరిగి బీడీ ముట్టించుకునే లోపల ఆమె దాటిపోయింది. రాళ్లు పడలేదు. కానీ ఆ సంగతి విన్నాక నాకు అన్నం దిగలేదు. క్వారీ ఓనర్ దగ్గరికి వెళ్లి నోరు చేసుకుని, అరిచి, చివరికి మా కంపెనీకే ఆయన్ని కస్టమర్‌ను చేసి, ఫోన్లకు కబురు పంపే ఏర్పాటు నేనే రాశాను. బ్లాస్టింగ్‌కు అరగంట ముందు అక్కడి సూపర్‌వైజర్ తన ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతాడు. బాట వాడేవాళ్లందరికీ మెసేజ్ పోతుంది, ఆమె ఫోన్ గుర్రుగుర్రుమని చాలాసేపు అదురుతుంది. బటన్ నొక్కాక అక్కడివాళ్లు ఫోన్లన్నీ ఆపి షెడ్డులో ఒక పెట్టెలో పడేస్తారు. మందు దగ్గర ఫోన్లు ఉండకూడదట. నెలలు గడిచాయి. ఏ ఇబ్బందీ రాలేదు. నేను గర్వపడ్డాను కూడా.

ఆ రోజు పొద్దున సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. సరిహద్దు అవతలి నుంచి కొత్తగా వచ్చిన పనివాళ్లకు తెలుగు చదవడం రాదట, మెసేజ్ చివర ఒక కన్నడ వాక్యం పెట్టమన్నాడు. చిన్న పని. నా ఎడిటర్ తెరిచి వాక్యం పెట్టాను, సేవ్. పరీక్ష చేసేటప్పుడు నేను ఒక వరుస పెడతాను: ఎవరికి పోవాల్సిన మెసేజ్ అయినా నా నంబరుకే పంపు అని. అది పెట్టాను, సేవ్. పరీక్షించాను. నా ఫోన్ మోగింది. కన్నడ అక్షరాలు బొమ్మల్లా గుండ్రంగా వచ్చాయి. సంతోషం. ఆ వరుస తీసేసి, సేవ్ కొట్టాను.

అప్పుడే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది కాబట్టి తెర ఆరలేదు. గోడ మీది వైఫై డబ్బా మాత్రం ఆరిపోయింది. ఎడిటర్‌లో ఫైలు చక్కగా సేవ్ అయినట్టే కనిపించింది. అయింది కూడా. నా ల్యాప్‌టాప్‌లో. బ్రౌజర్ అయితే నెట్ లేదని మొహం మీద అరిచేది. నా ఎడిటర్ మర్యాదస్తురాలు, మూలన చిన్న అక్షరాలతో ఏదో గొణిగి ఉంటుంది. నేను చూడలేదు. మూత వేసి, బస్టాండుకు బయలుదేరాను.

తాండూరుకు పోవాల్సిన పని మా ఆడబిడ్డతోనే. ముందురోజు మాకు గొడవయింది. సెకండ్‌హ్యాండ్ స్కూటీ కొనాలనుకుంటోందని నేను మా ఆయనకు చెప్పాను. చెవులు లేకుండా బండేమిటని ఆయన ఆమెను వీడియో కాల్‌లో చేతులూపుతూ తిట్టాడు. ఆమె నాకు ఒకే మెసేజ్ పెట్టింది: "చాడీలు చెప్పుడు మంచిగ నేర్చినవ్ వదినా." ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేసేసింది. రాత్రంతా ఆలోచించి నేనే తగ్గాను. పొద్దున బస్టాండు దగ్గర దుకాణంలో ఒక హెల్మెట్ కొని, అది ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను.

పక్కన కూర్చున్న పెద్దమ్మ దాన్నే చూస్తోంది. "గిదేంది బిడ్డా, బస్సుల గూడ టోపీ వెట్టుకుంటవా?"

"మన డ్రైవర్ని జూస్తే వెట్టుకోవాలనే అనిపిస్తున్నది పెద్దమ్మా."

ఆమె నవ్వి, తన మనవరాలికీ ఇట్లాంటిదే నోరు అని చెప్పింది. అనంతగిరి గుట్ట దిగేదాకా సిగ్నల్ లేదు. ధారూర్ దాటాక నా ఫోన్ మోగింది. "ఈరోజు క్వారీలో బ్లాస్టింగ్ ఉంది. అరగంట వరకు బాట మీదికి ఎవరూ రావద్దు." కింద కన్నడ వాక్యం. బాగానే వచ్చింది అనుకున్నాను. ఇంకోటి వచ్చింది. అదే మెసేజ్. ఇంకోటి. ఇంకోటి. ఒళ్లో హెల్మెట్ మీద పెట్టిన ఫోన్ ఆగకుండా గలగలమంటోంది. బస్సులో ముందువాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పొద్దున తీసేశాననుకున్న పరీక్ష వరుస అక్కడ ఇంకా అలాగే ఉంది. ఇవన్నీ ఒక్కొక్కరివి. అందరికీ పోవాల్సినవన్నీ నాకే వస్తున్నాయి. మిగతావాళ్లకు సైరన్ వినిపిస్తుంది. మా ఆడబిడ్డకు?

వినపడకపోయినా అదురుతుంది కదా అని ఆమెకు ఫోన్ చేశాను. ఒక్కసారి కూయ్‌మని తెగిపోయింది. బ్లాక్. మెసేజ్ పెట్టాను. పోలేదు. సూపర్‌వైజర్‌కు చేశాను. స్విచాఫ్. షెడ్డులో పెట్టెలో ఉంది కదా, నాకు తెలుసు, అయినా మళ్లీ చేశాను. పాలిష్ యూనిట్‌కు చేశాను. మిషన్ల రొదలో ఎవరో ఎత్తాడు. మా ఆడబిడ్డ ఎక్కడని అడిగాను.

"ఆమెనా? అన్నానికి వోయింది గదా, గిప్పుడే."

"ఉరికి ఆపుండ్రి! బాట మీదికి పోకుండ ఆపుండ్రి!"

"ఏందీ? ఇనవడ్తలేదు. ఏం ఆపాలె?" లైన్ తెగింది. మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాకు నోరుందని మా వాడకట్టంతా చెప్పుకుంటుంది. ఆ సమయంలో ఆ నోటితో ఒక్కమాట బయటికి రాలేదు. పెద్దమ్మే నా చేతిమీద చెయ్యి వేసి "ఏమైంది బిడ్డా, ఎవలకు ఫోన్ జేస్తున్నవ్" అంది. ఆమె దగ్గర బటన్ల ఫోన్ ఉంది. అడిగి తీసుకున్నాను. అందులో తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలతో "బాట మీదికి పోకు, వదినను" అని కొట్టి మా ఆడబిడ్డ నంబరుకు పంపాను. పోయిందో లేదో ఆ ఫోన్ చెప్పలేదు.

టీమ్ లీడ్ రెండుసార్లు ఎత్తలేదు, మూడోసారి ఎత్తింది. చెప్పాను. నేనూహించిన మాట ఆమె అనలేదు.

"తిట్టుకునుడు తర్వాత మేడమ్. ఏ వరుస?"

"నా నంబరున్న వరుస. తీసెయ్."

కీబోర్డు చప్పుడు వినిపించింది. "తీసిన. పబ్లిష్ కొట్టిన. మళ్ల పంపాల్నా?"

"అడుగుతవేంది, పంపు!"

"పంపిన మేడమ్. అందరికీ పోయినయ్ అని చూపిస్తున్నది."

"చేరినయా?"

"పోయినయ్ అని చూపిస్తది గని, చేరినయా లేదా అన్నది మనం పెట్టలే మేడమ్."

మనం అంది. అది నేను రాసింది. నేనే పెట్టలేదు.

బస్సు ప్రతి ఊళ్లో ఆగింది. ఎక్కేవాళ్లు తీరిగ్గా ఎక్కారు, కండక్టర్ చిల్లర కోసం వెతికాడు. పెద్దమ్మ ఇంకేమీ అడగకుండా నా వేళ్లు పట్టుకుని కూర్చుంది. అరగంట అయిపోయింది. బస్సు ఇంకా తాండూరు చేరలేదు. అయిపోయిందని ఫోన్‌లో గడియారం చెబుతోంది, ఏమయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

తాండూరులో దిగి ఆటో ఎక్కి క్వారీ వైపు పోనిమ్మన్నాను. రోడ్డుకు రెండు పక్కలా బండలు నిలబెట్టి ఉన్నాయి, దుమ్ము తెల్లగా లేస్తోంది. పేలుడు చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. ఆటో చప్పుడే తప్ప ఏమీ లేదు. ఇంకా పేల్చలేదా, పేల్చేశారా? ఆమె రోజూ ఇలాగే ఏమీ తెలియకుండా ఈ దారిలో నడుస్తుందని అప్పుడు తోచి ఇంకా భయమేసింది.

బాట మొదట్లో ఒక సైకిల్ అడ్డంగా పడేసి ఉంది. దాని వెనక ఇద్దరు మనుషులు ఒక టిఫిన్ సంచీ చెరో కొసా పట్టుకుని గుంజుకుంటున్నారు. ఒకరు జెండా తాత. రెండోది మా ఆడబిడ్డ. ఒంటినిండా బండల బురద, రెండో చేత్తో ఆయన మొహానికి ఫోన్ చూపిస్తోంది. ఆమె చేతులు ఏమంటున్నాయో ఆటోలో నుంచే చదివాను: మెసేజ్ రాలే. నువ్వెందుకు ఆపుతున్నవ్?

దిగాను. అక్కడే ఒక బండ మీద కూలబడ్డాను.

"నీ మనిషేనా అమ్మా?" అన్నాడు తాత. "ఏం జిద్దు మనిషమ్మా! నేను జెండ జూపిస్తే నాకు ఫోన్ జూపిస్తది. చెయ్యి వట్టుకుంటే బాగుండదని సంచి వట్టుకున్న. మస్తు బలముంది గదా ఈమెకు."

"పేల్చిండ్రా?"

"అరె, జరసేపైంది. నీకు ఇనవడలేదా? గా దుమ్ము సూడు. ఇంకో సైరన్ మోగేదాక ఎవల్నీ ఇడువ."

బాట మధ్యలో, వంపు తిరిగే చోట కొత్త రాళ్లు పడి ఉన్నాయి. చిన్నవే. కొన్ని చిన్నవి కావు.

ఆమె నన్ను చూసి ముందు మొహం తిప్పుకుంది. తర్వాత నా మొహంలో ఏం కనిపించిందో, సంచీ వదిలేసి దగ్గరికొచ్చింది. నేను చేతులతో చెప్పాను. మా ఇంట్లో మేం చేసుకున్న సైగలు మాకున్నాయి కానీ వాటిలో సేవ్‌కూ, సర్వర్‌కూ సైగల్లేవు. నా ఫోన్ ఇచ్చాను. అదే మెసేజ్, మళ్లీ మళ్లీ. ఆమె వేలితో కిందికి జరుపుతూ పోయింది. చివరికి తల ఎత్తి అడిగింది.

"ఇండ్ల నాది ఏది?"

అన్నీ ఒకేలా ఉన్నాయి.

అప్పుడు ఆమె సొంత ఫోన్ అదరడం మొదలుపెట్టింది. చాలాసేపు అదిరింది. టీమ్ లీడ్ పంపిన మెసేజ్ అప్పుడొచ్చింది. దాని వెనకే పెద్దమ్మ ఫోన్ నుంచి నేను పంపిందీ వచ్చింది. ఇద్దరం తెరను చూశాం, రాళ్లను చూశాం. యూనిట్ నుంచి ఇక్కడిదాకా బాట పల్లంలో ఉంటుంది, అక్కడ సిగ్నల్ రాదని, ఇక్కడ కూడా ఎప్పుడో ఒకసారి వచ్చిపోతుందని తాత చెప్పాడు. "మా ఫోన్లు గూడ గాడ ముర్దానే" అన్నాడు.

బస్సులో పడ్డ భయం ఒక రకం. ఇది ఇంకో రకం. నా తప్పు లేకపోయినా, ఆ వరుస తీసేసి ఉన్నా, కరెంటు పోకపోయినా, ఆమె పల్లంలో ఉంటే కబురు అందేది కాదు. ఇన్ని నెలలుగా ఎన్నిసార్లు ఇలా ఆలస్యంగా వచ్చిందో ఎవరికి తెలుసు? ఆమెను అడిగాను. "ఒక్కోసారి ఇంటికి వోయినంక వస్తది. గప్పుడు బ్లాస్టింగ్ కాలేదు గావచ్చు అనుకుంటుంటి" అంది, చేతులతో, తేలిగ్గా. నేను ఆమె ఫోన్ తీసుకుని, పాత మెసేజ్‌లు వచ్చిన వేళలు ఒక్కొక్కటే చూశాను.

ఫోన్లు పెట్టెలోంచి బయటికి వచ్చాక సూపర్‌వైజర్, ఓనర్ వచ్చారు. ఓనర్ మంచివాడే. నేను ఏడ్చినట్టు కనిపించడంతో ఇంకా మంచివాడయ్యాడు.

"ఏం గాలే గదమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి. మీ సిస్టమ్ మంచిగనే ఉంది. అసలు వచ్చే నెల నుంచి తాతను లోడింగ్ దిక్కు వెడ్దామనుకుంటున్న. ఫోన్లు చెప్తున్నయ్ గదా, ఇంక జెండెందుకు?"

నా నోరు అప్పుడు తిరిగొచ్చింది. అక్కడ నేనేమన్నానో అంతా ఇక్కడ రాయను. తాత ఆ బాట నుంచి కదిలితే నేను బటన్ పీకేస్తానన్నాను. నష్టం మా కంపెనీకేనన్న ఆలోచన లేకుండానే అన్నాను. ఎక్కడెక్కడి ఫోన్లన్నీ కలిపినా ఒక టిఫిన్ సంచీని పట్టుకోలేవన్నాను. తాత మాత్రం మధ్యలో "లోడింగ్ కాడ నీడుంటది గదమ్మా" అని నసిగాడు. ఓనర్ ఆయనకు గొడుగు ఇప్పిస్తానన్నాడు. నేను అక్కడే నిలబడి ఇప్పించేదాకా కదల్లేదు.

మా ఆడబిడ్డ హెల్మెట్ తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. నా నంబరు బ్లాక్ తీసేసి, ఆ తెర నాకు చూపించింది.

ఇప్పటికీ నా ఎడిటర్‌లోనే రాస్తాను. దాన్ని మానేయాలని టీమ్ లీడ్ అంది, మళ్లీ పోట్లాడుకున్నాం, ఈసారి తక్కువసేపు. పరీక్షకు వేరే ఖాతా పెట్టుకున్నాను. అసలుదానిలో ఏది మార్చినా తర్వాత బ్రౌజర్ తెరిచి, ఆ తెల్లటి డబ్బాలో ఉన్నదేమిటో కళ్లతో చూస్తాను. నా దగ్గరున్నదీ అక్కడున్నదీ ఒకటే అని నమ్మడం నాకిక చేతకాదు. సేవ్ మీదికి వేలు పోతుంది, అక్కడ ఆగుతుంది.

క్వారీ ఏర్పాటు కూడా తిరగరాశాను. మెసేజ్ వచ్చినవాళ్లు "చూసిన" అని నొక్కాలి. బాట వాడే అందరి జవాబూ వచ్చేదాకా సూపర్‌వైజర్‌కు "పేల్చొచ్చు" అనే మాట రాదు, అది రాకుండా వాళ్లు మందు పెట్టకూడదు. ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో నా తెర మీద కనిపిస్తుంది. మధ్యాహ్నాలు నేనిప్పుడు కునుకు తీయను.

ఇందాక సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, అందరి జవాబు వచ్చింది. మీ ఆడబిడ్డదే రాలే. అంత తయారు జేసుకొని నిలవడ్డం. ఏం జెయ్యాలె?"

"కూసోండ్రి."

"ఎంతసేపు?"

"జవాబొచ్చేదాక."

"యూనిట్‌లనే ఉన్నది గావచ్చు మేడమ్. ఫోన్ సంచిల వెట్టి మర్చిపోయిందేమో."

"గావచ్చు. పల్లంల నడుస్తున్నది గూడ గావచ్చు. నీకు తెలుసా?"

"తెల్వదు."

"నాకు గూడ తెల్వదు. కూసోండ్రి."

అటు అతను కూర్చున్నాడు. ఇటు నేను కూర్చున్నాను. తెర మీద ఆమె నంబరు పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది.